గుర్వమ్మత్త జీవాలు ఏ ఫారంల ఉన్నయ్?

కేతేపల్లి,
8-12-2024.

మా గుర్వమ్మత్తకు నీ మేనకోడలు నాగరాణి రెండు చేతులెత్తి మొక్కి రాసేది. ఇక్కడ బాపు, అమ్మ, నేను, మందల ఉన్న జీవాలన్నీ మంచిగనే ఉన్నయ్. మేళ్లచెరువుల నువ్వు, మామ మంచిగ ఉన్నరనే అనుకుంటున్న. అనుకునుడు ఎందుకంటే, అడుగుదామంటే నువ్వు ఫోన్ ఎత్తవు గదా. ఎత్తినా నా గొంతు వినంగనే కట్ చేస్తవ్. ఫోన్ల మాట్లాడింది గాలికి పోతది, కాయితం మీద రాసింది రుజువుంటది అని నీ ఉత్తరంల రాసినవ్. సరే, నీ ఇష్టమే కానీ. రుజువు ఉండేటట్టే రాస్తున్న. నీ అద్దాలు ఇంక మార్చలేదని తెలుసు కాబట్టి అక్షరాలు గుమ్మడికాయలంత రాస్తున్న, కండ్లు చిట్లించకుండ నిమ్మళంగ చదువు.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. పోస్టు ఇస్రాయేలు సైకిల్ దిగకుండనే "ఏందమ్మా, ఈ కాలంల ఉత్తరాలు రాసేటోళ్లు గూడ ఉన్నరా?" అని నవ్విండు. "మా అత్త ఉన్నది, నాలుగో తరగతి దాకా చదివింది, ఒక్క అక్షరం తప్పు పోదు" అన్న. నిజంగనే పోలేదత్తా. తిట్లు గూడ ఒత్తులతోని సహా సక్కగ రాసినవ్.

నువ్వు అడిగినయన్నీ చెప్తా. అమ్మ మోకాలి నొప్పి జర తగ్గింది, నల్లగొండ దవాఖానల ఇచ్చిన గోలీలు పనిచేసినయ్. వరి కోతలు అయిపోయినయ్, మంద ఇప్పుడు మూసీ కాలువ కింది మళ్లల్ల తిరుగుతాంది. రైతులు ఎరువుకని మా మళ్ల మంద పెట్టుండ్రి అంటే మా మళ్ల పెట్టుండ్రి అని బాపు ఎంబడి పడుతున్నరు. ఇగ "నీ పెండ్లి ఎప్పుడే, ఇరవై ఆరు ఎల్లిపాయె" అని రాసినవ్ సూడు, ఆ ఒక్క సవాల్‌కు జవాబు లేదు. మంచోడు దొరికితే నీకే ముందు ఉత్తరం రాస్త.

ఇగ అసలు ముచ్చటకు వస్త. కోదాడ పెండ్లిల మన ఊరి మల్లప్ప తాత కలిసి, "నీ జీవాలు ఇప్పుడు సబ్‌ఫారంల ఉన్నయంట" అని చెప్పిండంట గదా. దానికి నువ్వు ఏం రాసినవ్? "నా జీవాలను ఏ ఫారంల కట్టేసిండ్రు? కోళ్ల ఫారం పక్కననా? ఎవ్వని ఫారమది? నీళ్లు పోస్తున్నరా, మేత ఏస్తున్నరా? మీ నాయిన నన్ను కాదనుకున్నడు సరే, నోరు లేని జీవాలను ఎందుకు కాదనుకున్నడు?"

ఓ అత్తా! చదివి నవ్విన. పొట్ట పట్టుకొని నవ్విన. మల్ల ఆ నీళ్లు పోస్తున్నరా అన్న కాడ నా నవ్వు ఆగిపోయింది.

ముందు ఫికర్ తీస్త. నీ జీవాలు ఏ ఫారంకు పోలేదు. మన మందలనే ఉన్నయ్. మేం సంఘంల అనే ఫారం కోళ్ల ఫారం కాదత్తా, కాయితం ఫారం. రేషన్ కార్డుకు నింపుతరు సూడు, పేరు, ఊరు, ఇంటి నంబరు అని గళ్లు గళ్లుగ, అసుంటిది. కాకపోతే ఇది కాయితం మీద కాదు, కంప్యూటర్ తెర మీద ఉంటది. మన గొర్రెల కాపరుల సంఘం కంప్యూటర్ల డేటాబేస్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మందలు, మనుషులు, టీకాలు, కడుపుల పురుగులకు పోసే నట్టల మందు, అన్నీ అండ్లనే. దాన్ని తయారు చేసింది ఎవరనుకుంటున్నవ్? నీ మేనకోడలే. షాద్‌నగర్ల ఆర్నెల్లు నేర్చుకున్న గదా, ఊకెనే పోలేదు.

దాని లోపల రెండు పట్టికలు ఉంటయ్. ఒక పట్టికల మనుషులు. మనిషికి ఒక వరుస, వరుసకు ఒక నంబరు. బాపుది 112, నీది 140. నంబరు ఎందుకు, పేరు సాలదా అంటవేమో. మన ఊర్లె జంగయ్యలు ఎంతమందో చెప్పు. సంఘంలనే ఏడుగురు. జంగయ్య గొర్రె అంటే ఏ జంగయ్యది? అందుకే నంబరు. ఇంకో పట్టికల జీవాలు. జీవానికి ఒక వరుస. చెవిపోగు నంబరు, ఆడదా మగదా, రంగు, ఎన్ని పండ్ల ఈడు, ఏ టీకా ఎప్పుడు ఏసినం. ఆ వరుసలనే చివరికి ఒక గడిల, ఈ జీవం ఏ నంబరు మనిషిది అని ఉంటది. నీది అని చెప్పేది ఆ ఒక్క గడేనత్తా. అండ్ల 140 ఉంటే నీది, 112 ఉంటే బాపుది.

గీ పట్టికలు చూస్తే తల తిరుగుతది, వేల వరుసలు. అందుకే మనిషి కండ్లకు సక్కగ కనబడేటందుకు ఫారం చేస్తం. ఫారంల ఏదీ జమ ఉండదు, అది పట్టికను చూసే కిటికీ అంతే. పైన మనిషి పేరు, ఫోటో, ఫోన్ నంబరు. ఆ ఫారం లోపల్నే కింద ఇంకో చిన్న ఫారం కూసుంటది, దాన్నే సబ్‌ఫారం అంటం. అండ్ల ఆ మనిషి జీవాలు మాత్రమే వరుసగ కనబడుతయ్. పైన బాపు ఫారం తీస్తే కింద బాపు జీవాలు. బాణం గుర్తు నొక్కి పైన ఇంకో మనిషికి పోతే కింద జీవాలు వాటంతటవే మారిపోతయ్. పైనున్న నంబరు, కింది వరుసల నంబరు కలిసినయే అది చూపిస్తది, కలవనియి చూపియ్యదు.

ఇంకొక గమ్మత్తుంది. పైన 112 ఫారం తెరిచి కింద సబ్‌ఫారంల కొత్త జీవం రాస్తే, ఆ నంబరు గడి మనం నింపే పని లేదు. అదే 112 ఏసుకుంటది. అడగదు, చెప్పదు. పని తొందరగ కావాలని, తెర నీటుగ ఉండాలని ఆ గడిని నేనే కనబడకుండ దాచిపెట్టిన. అప్పుడు మస్తు తెలివైన పని అనుకున్న.

ఇప్పుడు తెలిసిందా, నీ జీవాలు ఎట్ల పోయినయో? నువ్వు పెండ్లయి మేళ్లచెరువు పోయినప్పుడు అవ్వ నీకు పెట్టిన రెండు గొర్రెలు. మామ రాళ్ల పనికి పోతడు, అక్కడ మేపే జాగ లేదని మన మందలనే వదిలిపెట్టినవ్. అవి పిల్లలు పెట్టి, పిల్లల పిల్లలు పెట్టి పదిహేడయినయ్. ఊర్లె అందరికి తెలుసు, ఎడమ చెవికి కోత ఉన్నయి గుర్వమ్మవి, కుడి చెవికి ఉన్నయి ఆమె అన్న చెన్నయ్యవి. పోయినేడు మాఘంల సంఘం తరఫున పసుపు పచ్చ పోగులు ఏసినం. అన్ని మందలను ఊరి బయట ఒక్క కాడికి తోలిచ్చి, బాపు ఫారం తెరిచి, అరవై మూడు జీవాలు వరుసబెట్టి కొట్టిన. అరవై మూడింటికీ 112 పడ్డది. కంప్యూటర్‌కు చెవి కోత తెల్వదు.

ఆ ఏడే మృగశిర కార్తె మొదలైన దినం, మిరుగు నాడు, నువ్వు వచ్చినవ్. నా బిడ్డ కొత్తింట్లకు పోతాంది, రెండు పొట్టేళ్లు తోల్కపోత అని. జీవం ఊరు దాటాలంటే సంఘం చిట్టీ ఉండాలె, చిట్టీ సొంతదారు పేరు మీదనే రాయాలె. ఆఫీసు నిండ మంది. సంఘం పెద్ద భిక్షం సారు కుర్చీల కూసున్నడు. నేను కంప్యూటర్ ముందట. నూట నలభై కొట్టిన. పైన నీ పేరు వచ్చింది, నీ ఫోటో వచ్చింది, కింద ఖాళీ. మొత్తం అని ఉన్న గడిల సున్నా. సారు ఎన్ని ఉన్నయమ్మా అని అడిగిండు. నేను "సున్నా" అని చదివిన. ఎవరో నవ్విండ్రు.

నువ్వు బాపు దిక్కు చూసినవ్. బాపు తల వంచుకున్నడు. "నా పేరు మీద చిట్టీ రాయి బిడ్డా, చెల్లె తీస్కపోతది" అన్నడు. నువ్వు లేచి నిలబడి "నావి నాకే దానమిస్తవా అన్నా?" అన్నవ్. గంతే. ఇంట్ల అమ్మ నీ కోసం జొన్నరొట్టెలు చేసి పెట్టింది. చెంబెడు నీళ్లు గూడ తాగకుండ బస్సెక్కినవ్. ఆ దినం సంది మా గడప తొక్కలేదు.

ఇప్పుడు సంగతులు మారినయత్తా. ఈ దసరా ముంగట మన గులాబ్‌బీ వచ్చింది, ఆమె మేకలు ఐదు మల్లప్ప తాత మందల మేస్తయ్ గదా. టీకా కార్డు ఇయ్యుండ్రి అన్నది. నంబరు కొట్టిన. కింద ఖాళీ. సున్నా. ఆమె కొంగు సర్దుకొని నిలబడి ఉంది, నేను చదవాలె. "జర కూసో ఖాలా, మిషన్ల పని ఉంది" అని ఆమెకు చాయ్ తెప్పిచ్చిన, నేను బయటికి పోయి మొకం కడుక్కున్న.

ఆ వారమే పని పట్టిన. జీవాల పట్టికల ఒక కొత్త గడి పెట్టిన, కాపరి అని. సొంతదారు వేరు, కాపరి వేరు. ఇద్దరూ ఒక్కరే కావచ్చు, కాకపోవచ్చు. నాకు ముందే తట్టాల్సిన ముచ్చట. గొర్లు కాసే ఇంట్ల పుట్టి, జీవం ఒకరిదైతే కాసేది ఇంకొకరని నాకు ఎవరన్న నేర్పాలెనా? ఆ దాచిపెట్టిన నంబరు గడిని గూడ బయటికి తీసిన, నీటు లేకున్నా మంచిదే. ఇగ మనిషి ఫారంల ఒక్క సబ్‌ఫారం తీసేసి రెండు పెట్టిన. ఒకటి "నా జీవాలు", దాని కింద "నేను కాసే జీవాలు". ఒక ఫారంల ఎన్ని సబ్‌ఫారంలన్న పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి ఒక్కో గడితోని లంకె. మొదటి దానికి సొంతదారు నంబరుతోని, రెండో దానికి కాపరి నంబరుతోని. షాద్‌నగర్ల మాకు చెప్పిన సారు చూస్తే శభాష్ అంటడు, నేను చెప్పుకుంటున్న గాని.

తర్వాత దొడ్డి దొడ్డికి తిరిగిన. ఈ మందల ఎవరెవరి ఆడిబిడ్డల జీవాలు ఉన్నయని అడిగిన. ముప్పై ఒక్క మంది తేలిండ్రత్తా! ముప్పై ఒక్క మంది ఆడోళ్లు, అన్నల పేర్ల కింద, తమ్ముళ్ల పేర్ల కింద. కొందరు వాళ్లంతట వాళ్లే చెప్పిండ్రు. పెద్ద జంగయ్య మాత్రం "ఇంటింట్ల పంచాయితి పెట్టడానికి బయలెల్లినవా?" అని కట్టె ఎత్తిండు. "పంచాయితి నేను పెడ్తలేను మామా, ఉన్నది రాస్తున్న, మీ అక్క జీవాలు ఎన్నో మీరే చెప్పుండ్రి" అని అక్కడ్నే కూసున్న. పొద్దు గుంకే దాకా కూసున్న. చివరికి తొమ్మిది అని చెప్పిండు.

మన మంద కాడ అడిగే పనే పడలేదు. బాపు ఒక్కొక్కదాన్ని చెవి పట్టుకొని "ఇది మా గుర్విది, రాయి" అని చెప్పుకుంట పోయిండు. బొల్లిది, నల్ల మొకంది, ఒంటి కొమ్ముది. పదిహేడింట్ల మూడు పోయిన వానల్ల నీలినాలుక వచ్చి చచ్చిపోయినయ్, మందు ఏసినం, దక్కలేదు. పదకొండు పిల్లలు పుట్టినయ్. ఆ పదకొండింటికీ ఎడమ చెవికి కోత ఉంది. నువ్వు మాట్లాడకున్నా, రాకున్నా, పుట్టిన పిల్ల పుట్టినట్టు బాపు నీ కోత కోసుకుంటనే ఉన్నడు. ఇయ్యాల్టికి నీయి ఇరవై ఐదు.

కంప్యూటర్ల బాపు ఫారం తెరిచి నీ జీవాల వరుసల్ల 112 తీసి 140 కొట్టిన. కొడితే ఆ వరుస అక్కడ్నుంచి మాయమైపోతది. మొదటిది మాయమైంది. ఉరికి నీ ఫారం తెరిచిన. ఆడ ఉంది. అన్నీ కొట్టినంక నీ ఫారంల మొత్తం గడి చూసిన, 25.

ఇగ ఇప్పుడు రాసేది అసలు ముచ్చటత్తా. ఇంతసేపు జీవాల ముచ్చట, కంప్యూటర్ ముచ్చట ఎందుకు సాగదీసిన్నంటే, గిది రాయాలంటే చెయ్యి రాలేదు. నువ్వు ఉత్తరంల ఒక మాట రాసినవ్. "పిల్ల ఏం చేస్తది, నాయిన చెప్పింది కొట్టింది, దాని మీద నాకు కోపం లేదు" అని. ఆ మాట చదివిన కాన్నుంచి నాకు బువ్వ సయిస్తలేదు.

బాపు అట్ల చెప్పలేదు.

ఆ మాఘంల, పోగులు ఏస్తున్న దినం, మొదటి ఎడమ చెవి కోత జీవం రాంగనే బాపు "ఆగు బిడ్డా, ఇది నాది కాదు, మా చెల్లెది, దాని పేరు మీద రాయి" అన్నడు. నేనేమన్ననో తెలుసా? "అట్ల రాదు బాపు, నీ ఫారం మూసి అత్త ఫారం తెర్వాలె, ఎనుక ఇరవై మందలు లైన్ల ఉన్నయ్, తర్వాత మారుస్త" అన్న. రెండో దానికి మల్ల చెప్పిండు. మూడోదానికి మల్ల చెప్పిండు. "బాపు, నీకు కంప్యూటర్ తెల్వదు, ఊకో" అని కసిరిన. అందరి ముందట. అప్పుడు ఊకున్నడు.

తర్వాత మారుస్త అన్నదాన్ని మార్చలేదు. కార్డులు అచ్చు పడ్డయ్. అచ్చు పడ్డంక మార్చాలంటే తప్పు నాదని రాసిచ్చి సంతకం పెట్టిచ్చుకోవాలె. నౌకరిల చేరి మూడు నెలలే, తీసేస్తరని భయపడ్డ. నువ్వు మిరుగు నాడు వచ్చినప్పుడు 140 కొట్టకముందే నాకు తెలుసు అండ్ల ఏముందో. తెలిసే సున్నా అని చదివిన. బాపు తల వంచుకున్నది తప్పు చేసి కాదత్తా. తల ఎత్తితే నా మొకం చూడాల్సొస్తదని.

దసరా అయినంక సంఘం మీటింగ్‌ల అందరి ముందు ఒప్పుకున్న. భిక్షం సారు మంచోడు, "పోనీలే అమ్మా, కంప్యూటర్ తప్పు అని రాద్దాం" అన్నడు. "కంప్యూటర్ నేను కొట్టిందే ఏసుకుంటది సారు, నా తప్పు అనే రాయుండ్రి" అన్న. రాసిండ్రు. నౌకరి పోలేదు. పోయినా ఇంకోటి చూసుకుంటుంటి, నాకిప్పుడు ఆ భయం లేదు. రెండువందల మంది ముందు చెప్పుడు అల్కగనే అయింది. నీ ఒక్కదానికి రాయడానికే ఇన్ని దినాలు పట్టింది.

బాపును అడిగిన, అత్తకు ఎందుకు చెప్పవ్ అని. కోపంగనే అడిగిన. బాపు ఏమన్నడంటే, "నా మీద కోపం దానికి కొత్తనా? చిన్నప్పుడు గూడ నెలకు ఒకసారి నాతోని కచ్చి కొట్టి మాట్లాడకపోయేది. నేను తట్టుకుంట. నీ మీద దానికి పాణం బిడ్డా. నువ్వు చేసినవని తెలిస్తే అది తట్టుకోదు" అన్నడు. నీకు ఈ ముచ్చట రాయొద్దని ఒట్టు గూడ ఏయించుకున్నడు. ఆ ఒట్టు ఇయ్యాల తీసి గట్టున పెట్టిన.

ఇంకొకటి గూడ రాయాలె. రెండు రాఖీలు పోయినయత్తా నువ్వు రాక. రెండు రాఖీలకూ బాపు పొడుగు చేతుల అంగి తొడుక్కొని మంద ఎంబడి పోయిండు, ఉక్కపోతల, చెమటలు కారంగ. ఎందుకు బాపు అంటే దోమలు అన్నడు. ఊర్లె ఎవరన్న చెయ్యి చూసి, "ఏందన్నా, గుర్వమ్మ రాలేదా" అని అడుగుతరని.

దీంతోని నీ ఫారం కాయితం మీద తీసి పెడ్తున్న, నీకు రుజువు కావాలె గదా. పైన నీ పేరు, నీ ఫోటో. కింద ఇరవై ఐదు వరుసలు, చెవిపోగు నంబర్లతోని. లెక్క సరిచూసుకో. కాపరి గడిల చెన్నయ్య అని ఉంటది. దాని పక్కన కాపరి ఏమైతడు అని ఇంకొక గడి ఉంది. చిన్న బాణం నొక్కితే మాటల జాబితా దిగుతది, అండ్లకెల్లి ఒకటి ఏరుకోవాలె. నేను చేసిన జాబితాల మూడే ఉండె. కూలికి, సగం పాలుకు, చుట్టం. మీ చెల్లెకు నువ్వు చుట్టమే గదా బాపు, అది కొట్టనా అని అడిగిన. బాపు తెర దిక్కు చూసి, "చుట్టం ఏంది బిడ్డా, అన్న అని రాయి" అన్నడు. ఆ మాట జాబితాల లేకుండె. చేర్చిన. ఇరవై ఐదు వరుసలల్ల ఇరవై ఐదు సార్లు "అన్న" అని ఉంది చూడు.

కోపం నా మీద పెట్టుకో అత్తా. తిట్టు, ఒత్తులతోని సహా రాసి పంపు, అన్నీ చదువుత. ఎన్ని దినాలు మాట్లాడకున్నా నేను తట్టుకుంట, నేను గూడ చెన్నయ్య బిడ్డనే. మా బాపుకు మాత్రం ఫోన్ చెయ్యి. నంబరు అదే, మార్చలేదు. నువ్వు చేస్తవని మార్చలేదు.

ఇట్లు,
నిన్ను అందరి ముందు సున్నా అని చదివిన నీ మేనకోడలు,
నాగరాణి.